డ్రమ్ము నుంచి డిస్కుకు: పాత మోటారు సైకిలు ముందు బ్రేకు కథ

నడుస్తున్న మోటారు సైకిలును ఆపడమంటే దాని గతిశక్తిని వేడిగా మార్చి, ఆ వేడిని గాలికి వదిలేయడమే. మనిషితో కలిపి 200 కిలోల బరువున్న బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో సుమారు 27,800 జౌళ్ల గతిశక్తి ఉంటుంది. వేగం 30కి తగ్గితే అది సగం కాదు, నాలుగో వంతవుతుంది. కనుక బ్రేకు మంచిచెడ్డలు అది ఎంత గట్టిగా పడుతుందన్న దానితోనే తేలవు, పుట్టిన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందన్నదీ చూడాలి. గండికోట జలాశయం వెనుక నీళ్ల ఒడ్డున ఉన్న కొండాపురం నుంచి అటు జమ్మలమడుగు, ప్రొద్దుటూరులకూ ఇటు పులివెందులకూ పోయే దారుల్లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటే వేడీ, నాపరాళ్ల ధూళీ మామూలే. అలాంటి చోట పాత ఆర్‌ఎక్స్ 100 వంటి బండికి ముందు డ్రమ్ము తీసి డిస్కు పెట్టించుకోవాలన్న కోరిక సహజమే గాని, ఆ పని పైకి కనిపించేంత చిన్నది కాదు.

డ్రమ్ము బ్రేకులో చక్రపు హబ్బుకే లోపల ఇనుప వలయం ఒకటి ఉంటుంది. దానిలోపల అర్ధచంద్రాకారంలో ఉండే రెండు షూలను, కేబులు లాగినప్పుడు తిరిగే క్యామ్ అనే చిన్న ఇనుప ముక్క విడదీసి వలయానికి అదుముతుంది. చక్రం తిరిగే దిశలో తెరుచుకునే షూను వలయం తన రాపిడితోనే ఇంకా లోనికి ఈడ్చుకుంటుంది. తలుపు కింద దూర్చిన చెక్క, తలుపును తోసేకొద్దీ బిగుసుకున్నట్టే ఇదీ. దీనిని లీడింగ్ షూ అంటారు. ఎదురు దిశలో తెరుచుకునే రెండోది ట్రైలింగ్ షూ, దానికి ఈ అదనపు సాయం ఉండదు. చేతివేళ్ల బలం, సాగే కేబులు తప్ప మరో ఆధారం లేని కాలంలో డ్రమ్ము బ్రేకు నిలదొక్కుకోవడానికి కారణం ఇలా తన బలాన్ని తానే పెంచుకోగలగడమే.

దాని బలహీనత కూడా అక్కడే ఉంది. షూ తనంతట తాను బిగుసుకోవడం రాపిడి మీద ఆధారపడినది గనుక, షూ మీది రాపిడి పొర, అంటే లైనింగు, వేడెక్కి రాపిడి కాస్త తగ్గినా బ్రేకు పట్టు అంతకంటే ఎక్కువగా తగ్గుతుంది. పైగా వేడికి వలయం వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, మీట హ్యాండిలు దాకా వచ్చేస్తుంది. అరిగిన లైనింగు పొడి మూసిన గదిలోనే పేరుకుంటుంది. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది కాబట్టి ఆ పొడిని నోటితో ఊదడం ఊపిరితిత్తులకు ప్రమాదం. ఇంకో సంగతి చాలామంది గమనించరు: కేబులుకూ, క్యామును తిప్పే బయటి చేతికీ మధ్య కోణం దాదాపు లంబంగా ఉన్నప్పుడే లాగిన బలం పూర్తిగా పనికొస్తుంది. లైనింగు అరిగేకొద్దీ నట్టు బిగిస్తూ పోతే ఆ కోణం చెడి, వేళ్ల బలంలో కొంత వృథా అవుతుంది. ‘బ్రేకు పట్టడం లేదు’ అని షెడ్డుకు వచ్చే బండ్లలో కొన్నింటికి కావలసింది డిస్కు కాదు, కొత్త లైనింగు మాత్రమే.

డ్రమ్ము, డిస్కు రెండూ సమవయస్కులు. ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించిన 1902లోనే ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. అయినా డిస్కు అర్ధశతాబ్దం వెనకబడిపోయింది, ఎందుకంటే తిరిగే పలకను రెండు పక్కల నుంచి అదిమే ప్యాడ్లకు షూలాగా తమ బలాన్ని తాము పెంచుకునే గుణం లేదు. వాటిని గట్టిగా నొక్కడానికి బయటి నుంచి పెద్ద బలం కావాలి. ద్రవపీడనం ఆ లోటు తీర్చాక, 1953లో లె మాన్ పరుగుపందెంలో డన్‌లప్ డిస్కులున్న జాగ్వార్ గెలిచాక దాని దశ తిరిగింది. మోటారు సైకిళ్లలో 1969 నాటి హోండా సీబీ 750 ద్రవపీడనపు ముందు డిస్కును పెద్దయెత్తున ఉత్పత్తికి తెచ్చింది.

భారతదేశంలో కథ కొంతకాలం వెనక్కి నడిచింది. జపానులో ముందు డిస్కుతో అమ్ముడైన యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ సంస్థ 1983లో రాజ్‌దూత్ 350 పేరుతో ఇక్కడికి తెచ్చినప్పుడు ఆ డిస్కు తీసి, రెండు షూలూ లీడింగ్‌గా పనిచేసే డ్రమ్ము అమర్చింది. అంతటి ఉరుకు గల బండికి అది తగిన మార్పు కాదు. 1999లో హీరో హోండా సీబీజెడ్ 240 మిల్లీమీటర్ల ముందు డిస్కుతో వచ్చాక, 2001లో పల్సర్ వచ్చాక, పాత బండ్లకు మార్పిడి చేయడానికి కావలసిన విడిభాగాలు దేశమంతటా దొరకసాగాయి.

మార్పిడిలో తొలి చిక్కు హబ్బు. పాత హబ్బులో డిస్కు బిగించే చోటే ఉండదు కాబట్టి వేరే హబ్బు తెచ్చి స్పోకులు మళ్లీ అల్లాలి, లేదా కొత్త బండి చక్రమే వేయాలి. అంతకంటే పెద్ద చిక్కు ఫోర్కు. బ్రేకు పట్టినప్పుడు చక్రాన్ని ఆపే బలానికి సరిసమానంగా ఎదురుబలం పుడుతుంది. డ్రమ్ములో షూలను మోసే పలక చక్రంతోపాటు తిరిగిపోకుండా ఫోర్కు కాలికి ఉన్న కొక్కెం ఆపుతుంది. డిస్కులో ఆ భారమంతా ప్యాడ్లను పట్టుకున్న కాలిపరు మీద, దానినుంచి ఒకే ఫోర్కు కాలి మీద పడుతుంది. కాలిపరుకు చోటు లేని అల్యూమినియం కాలికి ఇనుప ముక్కో వెల్డింగో పెట్టి పని కానిచ్చే పద్ధతి ఎంత చవకైనా ఒప్పుకోదగినది కాదు. అది ఊడిందంటే కాలిపరు చక్రంలోకి పోతుంది. డిస్కు కోసమే తయారైన ఫోర్కును, దాని పలకలూ యాక్సిలూ చక్రంతో సహా మార్చడమే సరైన దారి. ఖర్చులో ఎక్కువ భాగం పోయేదీ అక్కడే.

ఇక ద్రవపు లెక్క. ఉదాహరణకు వేళ్లతో 10 కిలోల బలం పెడితే మీట దానిని 6 రెట్లు చేసి, హ్యాండిలు మీది మాస్టర్ సిలిండరులో ముషలకాన్ని 60 కిలోల బలంతో నెడుతుందనుకుందాం. ఆ ముషలకం వ్యాసం 14 మిల్లీమీటర్లు, కాలిపరులో ఉన్నదాని వ్యాసం 28 అయితే వైశాల్యం నాలుగు రెట్లు కనుక, పాస్కల్ సూత్రం ప్రకారం ప్యాడు మీద 240 కిలోల బలం పడుతుంది. మాస్టర్ సిలిండరును 16కు పెంచితే ఆ నిష్పత్తి మూడుకు పడిపోయి మీట రాయిలా తగులుతుంది. 11కు తగ్గిస్తే ఆరున్నరకు చేరుతుంది గాని, మీట హ్యాండిలుకు తగిలేదాకా దిగిపోవచ్చు. ఒక బండి మాస్టర్ సిలిండరు, మరో బండి కాలిపరు కలిపి బిగించినప్పుడు ‘డిస్కు వేసినా పట్టడం లేదు’ అన్న ఫిర్యాదు వచ్చేది చాలాసార్లు ఇక్కడినుంచే.

గొట్టంలో గాలి బుడగ మిగిలినా ఇదే గతి, ఎందుకంటే గాలి నలుగుతుంది, ద్రవం నలగదు. మీట నొక్కిపట్టి, కాలిపరు మీది చిన్న నిపిలును కాస్త వదిలి, బుడగలతో వచ్చే ఆయిలును పోనిచ్చి, మీట వదలకముందే నిపిలు బిగించాలి. బుడగలు ఆగేదాకా ఇది ఓపికతో చేయవలసిన పని. డాట్ 4 రకపు బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, కాని గాలిలోని తేమను పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా దిగవచ్చు. మూత తెరిచి నెలల తరబడి ఉంచిన డబ్బాలోది పోయడం అందుకే తగదు.

వెనక చక్రపు డ్రమ్మును మాత్రం ముట్టుకోనక్కర లేదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు ఒరిగి, ఆపే పనిలో దాదాపు 70 శాతం ముందు చక్రానికి పోతుంది. తేలికపడిన వెనక చక్రానికి బలమైన డిస్కు వేస్తే అది ఇట్టే బిగుసుకుని జారుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు రిజిస్ట్రేషను పత్రం భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది గనుక, పని మొదలుపెట్టే ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవడం మేలు. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, ఆ లోపు వాటికి రెండు చక్రాల బ్రేకులనూ కలిపే సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. ఆ రెండో కోవలో ముందు డ్రమ్ముతోనే తయారైన బండ్లకు ఆ తర్వాతా కొదవ లేదు.