కూడలిలో ముందు ఎవరు వెళ్లాలి?

పెద్ద బండిదే దారి అనుకోవడం పొరపాటు

తెల్లవారుజామున మిర్చి బస్తాల ట్రాక్టరు ఒకటి ఊరి బాట వెంట వచ్చి హైవే అంచున ఆగుతుంది. ఎదురుగా కంచికచర్ల, నందిగామల మీదుగా హైదరాబాదు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి. బస్సులు, లారీలు, కార్లు ఎడతెరిపి లేకుండా పోతుంటాయి. వెనుక మోటారు సైకిలు మీద వచ్చిన కుర్రవాడు అదే పనిగా హారను మోగిస్తుంటాడు. కాస్త సందు కనబడగానే ట్రాక్టరు డ్రైవరు బండిని ముందుకు దూకిస్తాడు. చాలాసార్లు ఏమీ కాదు. కాని ఏదో ఒకనాడు అవుతుంది. ఆ నాడు ఏదన్నది ముందుగా ఎవరికీ తెలియదు.

కూడలి దగ్గర ముందు ఎవరు వెళ్లాలన్న ప్రశ్నకు మన పల్లెల్లో వినిపించే జవాబులు రెండే. పెద్ద బండి ముందు వెళ్లాలని కొందరంటారు. ముందుగా దూరినవాడిదే దారి అని మరికొందరంటారు. ఈ రెండూ నియమాలు కావు. 1989 నాటి రోడ్డు నియమాల స్థానంలో కేంద్ర ప్రభుత్వం 2017లో కొత్త డ్రైవింగు నిబంధనలు తెచ్చింది. ఈ విషయంలో పాతవాటిలోనూ, కొత్తవాటిలోనూ వున్న సూత్రం ఒక్కటే.

మెయిన్ రోడ్డు మీది బండికే దారి

పోలీసుగాని, సిగ్నలుగాని లేని కూడలిలో మెయిన్ రోడ్డు మీద వచ్చే బండికి పక్క బాట నుంచి వచ్చేవారు దారి ఇవ్వాలి. పక్క బాటలో వున్నది లారీ అయినా, మెయిన్ రోడ్డు మీద వచ్చేది మోపెడ్ అయినా ఇదే నియమం. రెండు రోడ్లూ సమానమైనవైతే మన కుడిచేతి వైపు నుంచి వచ్చే బండిని ముందు పోనివ్వాలి. నాలుగు దిక్కుల నుంచీ నాలుగు బండ్లు ఒకేసారి వస్తే ప్రతివారికీ కుడివైపున ఒకరుంటారు. అప్పుడు ఎవరో ఒకరు ఆగి, చెయ్యి ఊపి ఎదుటివారిని పంపడమే మార్గం. అందువల్ల పోయే పరువేమీ లేదు.

పట్టణాల్లో విగ్రహాల చుట్టూ తిరిగే రౌండు సెంటర్లలో అప్పటికే లోపల తిరుగుతున్న బండ్లకు కొత్తగా వచ్చేవారు దారి ఇవ్వాలి. ఎనిమిది పలకల ఎర్ర బోర్డు కనిపిస్తే పూర్తిగా ఆగాలి. ఎర్ర అంచుతో తలకిందులుగా వున్న తెల్ల త్రికోణం కనిపిస్తే వేగం తగ్గించి, అవతలివారికి దారి ఇచ్చి కదలాలి.

ఎనిమిది సెకన్ల లెక్క

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. బరువుతో వున్న ట్రాక్టరు, ట్రక్కుతో సహా రోడ్డు దాటడానికి ఎనిమిది సెకన్లు పట్టిందనుకుందాం. ఆలోగా బస్సు 170 మీటర్లకు పైగా ముందుకు వచ్చేస్తుంది. అంటే ట్రాక్టరు కదిలినప్పుడు ఎక్కడో దూరాన చుక్కలా కనిపించిన బస్సు, ట్రక్కు రోడ్డు మధ్యలో వుండగానే మీదికి వస్తుంది. బస్సు డ్రైవరు బ్రేకు మీద కాలు వేసేసరికే ఇంకొక 20 మీటర్లు పోతుంది.

నాలుగు లైన్ల రోడ్డును రెండు విడతలుగా దాటవచ్చునని చాలామంది అనుకుంటారు. డివైడరు సందులో బండి మొత్తం ఇమిడితేనే అది కుదురుతుంది. మోటారు సైకిలు ఇముడుతుంది. ట్రక్కు తగిలించిన ట్రాక్టరు ఇమడదు. దాని తోక వెనుక లైనులోనే వుండిపోతుంది. కనుక ట్రాక్టరు వారు రెండు వైపులా ఖాళీ అయ్యేదాకా అంచునే ఆగాలి.

చూడవలసిన వరుస కూడా వుంది. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి కనుక రోడ్డెక్కగానే మనకు దగ్గరగా వచ్చేవి కుడివైపువే. ముందు కుడికి, తర్వాత ఎడమకు, మళ్లీ కుడికి చూడాలి. యూ టర్ను దూరమని ఎదురు దిక్కున వచ్చే బండ్లు ఈమధ్య ఎక్కువయ్యాయి. కాబట్టి ఎడమవైపు చూడడం మానరాదు.

నాలుగు లైట్ల పొరపాటు

కూడలిలో తిన్నగా పోతున్నామని చెప్పడానికి కొందరు నాలుగు లైట్లనూ కలిపి వెలిగిస్తారు. పక్క నుంచి చూసేవారికి వాటిలో ఒక వైపువే కనిపిస్తాయి. బండి అటు తిరుగుతున్నదని నమ్మి వారు ముందుకు వస్తారు. తిన్నగా పోయేవారు ఏ లైటూ వేయనవసరం లేదు. వేగం తగ్గిస్తే చాలు. ఎడమకు తిరిగేవారు ముందునుంచే ఎడమ అంచుకు చేరాలి. కుడికి తిరిగేవారు రోడ్డు మధ్యకు జరిగి, ఎదురుగా తిన్నగా వచ్చే బండ్లను పోనిచ్చి అప్పుడు తిరగాలి.

జీబ్రా చారల మీద నడిచేవారికి దారి ఇవ్వాలి. 108 అంబులెన్సు, ఫైరింజను వస్తుంటే ఎవరికి ఏ హక్కు వున్నా పక్కకు తప్పుకోవాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం వాటికి దారి ఇవ్వనివారికి 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు.

ఊరు చేయవలసినది

తప్పంతా డ్రైవర్లదే అనడానికి లేదు. ఊరి బాట హైవేను కలిసే చోట సర్కారు తుమ్మ ఏపుగా పెరిగి వచ్చే బండిని కనిపించనివ్వదు. తుమ్మ లేనిచోట ఫ్లెక్సీలు, బడ్డీ కొట్లు అడ్డం వస్తాయి. మూల మీది తుమ్మను కొట్టించడం పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. ఆగుము బోర్డు, దీపం కావాలని గ్రామసభలో తీర్మానం చేసి రోడ్ల అధికారులకు పంపవచ్చు. రైతులు కూడా ట్రక్కు వెనుక ఎర్ర రేకు అద్దాలుగాని, మెరిసే టేపుగాని అతికించుకుంటే చీకట్లో వెనుక వచ్చేవాడికి బండి దూరం నుంచే కనబడుతుంది.

మన లారీల వెనుక "నిదానమే ప్రధానం" అని రాసి వుంటుంది. ఆ మాట చదవవలసిన చోటు కూడలి. అక్కడ ఒక్క నిమిషం ఆగినందువల్ల మిర్చి ధర పడిపోదు, బడి గంట దాటిపోదు. వెనుకవాడు హారను మోగిస్తే మోగించుకోనివ్వండి. ట్రక్కు మీద బస్తాలతోపాటు కూలికి పోయే ఆడవారు, బడికి పోయే పిల్లలు కూడా కూర్చుని వుంటారన్నది గుర్తుంటే చాలు.