మా ఇంటి మాయాబజార్

దీపావళి నాటకం వీడియో గ్రూపులో పెట్టిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: "ఆ లడ్డూ కావాలనే దొర్లించారా?" అని. కాదండీ. చేపలు పట్టే దారం తెగింది. స్టేజీ పక్కన నేను తల పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత జరిగింది మీరందరూ చూశారు. దానికి ముందు ఆర్నెల్లు మా ఇంట్లో ఏం జరిగిందో చూడలేదు కదా, అది చెబుతాను.

మే నెలలో మా అత్తయ్య వచ్చారు. మామయ్య పోయాక ఇదే మొదటిసారి, ఒక్కరే వచ్చారు. విజిటర్ వీసా అంటే ఆర్నెల్లు. పెద్దవాళ్లను తెచ్చుకున్నవాళ్లకి ఈ లెక్క తెలిసిందే. మొదటి నెల బాగుంటుంది. రెండో నెలనుంచి వాళ్లు కిటికీ దగ్గర కూర్చోవడం మొదలుపెడతారు. నాకు హాస్పిటల్లో వారానికి మూడు లాంగ్ డేలు, ఒక్కోసారి నైట్లు. మా వారు ఇంట్లోనే ఉంటారు గానీ తలుపేసుకుని మీటింగుల్లో ఉంటారు. పిల్లలు స్కూల్లో. మంగళవారం చెత్తబండి వస్తే అత్తయ్యకి అదొక కాలక్షేపం. "ఇవాళ పచ్చడబ్బాల వంతు" అని ముందే చెప్పేవారు, నాకంటే ఆవిడకే బాగా గుర్తు.

అసలు బాధ అది కాదు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. నాన్నమ్మ ఏమడిగినా ఇంగ్లీషులో జవాబు చెప్పేది, లేకపోతే తల ఊపేది. రాక కాదు. పన్నెండేళ్లప్పుడు ఒక ఉగాది ఫంక్షన్లో దాన్ని యాంకరింగ్‌కి నిలబెట్టాం. ప్రార్థనకి ముందు "అందరూ కళ్లు మూసుకోండి" అనాలి. ఇక్కడ పుట్టిన పిల్లలకి 'ళ' పలకదని మీకు తెలుసు. "అందరూ కల్లు మూసుకోండి" అంది. హాలంతా గొల్లుమంది. అక్కడితో ఆగినా పోయేది. ఎవరో ఆ క్లిప్ తీసి నాలుగు గ్రూపుల్లో తిప్పారు. అప్పట్నుంచి అది బయట తెలుగు మాట్లాడటం మానేసింది, తర్వాత ఇంట్లో కూడా. నేను కూడా ఆ రోజు నవ్వాను. అది చూసిందని చాలా రోజులకి గానీ నాకు తెలియలేదు.

సెలవు దొరికిన ప్రతి ఆదివారం అత్తయ్యని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్లేవాళ్లం. సగం ప్రేమ, సగం ఇంట్లో ఒంటరిగా వదిలేస్తున్నామనే దోషభావం. లండన్ ఒకసారి, వేల్స్ సముద్రం ఒకసారి. ఆ ఫొటోలు చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది: వెంకటగిరి చీర, పైన మా వారి జాకెట్, కాళ్లకి స్పోర్ట్స్ షూస్. వెనక దృశ్యం మారుతుంది గానీ ఆవిడ నిలబడ్డ తీరు మారదు. చూశాం, ఫొటో తీశాం, పులిహోర తిన్నాం, వచ్చాం.

మేముండేది బర్మింగ్‌హామ్ దగ్గర కాబట్టి స్ట్రాట్‌ఫర్డ్ గంట దూరం కూడా కాదు. జూన్‌లో వెళ్లాం. షేక్‌స్పియర్ పుట్టిన ఇంటి తోటలో రవీంద్రనాథ్ ఠాగూర్ విగ్రహం ఉంది, అత్తయ్య దానికి దణ్ణం పెట్టుకున్నారు. రాయల్ షేక్‌స్పియర్ థియేటర్లో మధ్యాహ్నం ఆటకి అన్నిటికంటే చవక టిక్కెట్లు తీసుకున్నాం. అక్కడ స్టేజీ జనంలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది, మూడు వైపులా కూర్చుని చూస్తారు. అత్తయ్యకి ఒక్క ముక్క ఇంగ్లీషు అర్థం కాలేదు. ఇంటర్వెల్‌లో మాత్రం "ఆ పొడుగువాడు స్నేహం నటిస్తున్నాడు, వాడే కొంప ముంచుతాడు" అన్నారు. మా అమ్మాయి ఉలిక్కిపడి చూసింది. ఆ నాటకం దానికి స్కూల్లో పాఠం. "హౌ డిడ్ షి నో?" అని నన్నడిగింది. "నన్నడుగుతావేం, ఆవిడనే అడుగు" అన్నాను. అడగలేదు గానీ కారులో ముందు సీటు వదిలేసి వెనక ఆవిడ పక్కన కూర్చుంది.

ఆ తిరుగు ప్రయాణంలోనే మొదటిసారి అత్తయ్య నాటకాల సంగతి ఎత్తారు. వాళ్లది తెనాలి పక్క పల్లె. చిన్నప్పుడు సురభి వాళ్లు డేరా వేస్తే ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని వెళ్లేవారట. సురభి అంటే తెలియని పిల్లల కోసం రెండు ముక్కలు: కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు 'కీచకవధ'తో మొదలుపెట్టిన కుటుంబ నాటక సమాజం అది. తాత, తండ్రి, కోడలు, మనవడు అందరూ నటులే. తెరలు కట్టేదీ వాళ్లే, వంట చేసేదీ వాళ్లే. ఆడవేషాలు ఆ ఇంటి ఆడవాళ్లే వేసేవారు. 'మాయాబజార్'లో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లడం తాను కళ్లారా చూశానని అత్తయ్య చెప్పారు. మావాడు, తొమ్మిదేళ్లవాడు, "ఎలా?" అని సీటు బెల్టు తెంచుకున్నంత పని చేశాడు.

ఆగస్టు సెలవుల్లో కార్న్‌వాల్ వెళ్లాం. ఆగుతూ వెళ్తే ఏడు గంటలు పట్టింది. పోర్త్‌కర్నో దగ్గర మినాక్ థియేటర్ అని కొండ అంచున, సముద్రం మీదకి చెక్కిన ఆరుబయట రంగస్థలం ఉంది. మీరు చూడకపోతే తప్పకుండా వెళ్లండి, గాలికి తట్టుకునే బట్టలు మాత్రం పెట్టుకోండి. దాన్ని కట్టింది రొవీనా కేడ్ అనే ఆవిడ. ఊరివాళ్లు నాటకం వేసుకోవడానికి తన తోట చివర చోటిచ్చారు. 1932లో 'ది టెంపెస్ట్'తో మొదలైంది, మొదటి ఆటకి కారు హెడ్‌లైట్ల వెలుతురు కూడా వాడుకున్నారట. తర్వాత ఆవిడే తోటమాలితో కలిసి ఏళ్ల తరబడి రాళ్లు మోస్తూ, కింద బీచి నుంచి ఇసుక మోసుకొస్తూ మెట్లు, సీట్లు కట్టారు. సిమెంటు ఆరకముందే పాత స్క్రూడ్రైవర్ మొనతో వాటిమీద ముగ్గుల్లాంటి గీతలు గీసేవారు. ఎనభై దాటాక కూడా పని ఆపలేదు. 1983లో పోయారు.

ఇదంతా మా వారు బోర్డుల మీద చదివి వాళ్లమ్మకి చెబుతున్నారు. అత్తయ్య ఆ సిమెంటు గీతల మీద వేళ్లతో రాస్తూ కూర్చున్నారు. కాసేపటికి, "నాకు పదమూడేళ్లప్పుడు బళ్లో నాటకానికి ఎంచారు. మా నాన్న కాళ్లు విరగ్గొడతానన్నాడు" అన్నారు. మా వారికే తెలియని సంగతి. ఆ నాన్నగారే స్థానం నరసింహారావు గారి సత్యభామని చూశానని జీవితాంతం చెప్పుకున్న మనిషట. "మగాడు ఆడవేషం వేస్తే మురిసిపోతాడు, కన్నకూతురు వేస్తానంటే పరువు పోతుంది" అని ఆవిడ నవ్వారు. మా అమ్మాయి సముద్రం వైపు చూస్తూనే, "ఏ వేషం, నాన్నమ్మా?" అంది. తెలుగులో. మేమెవరం కదల్లేదు.

"శశిరేఖ."

నాటకం అక్కడే పుట్టింది. దీపావళికి మా ఊరి తెలుగు అసోసియేషన్ వాళ్లు ఇరవై నిమిషాలిచ్చారు. అత్తయ్య వంద పేజీల నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టారు. 1957 మాయాబజార్ సినిమా పిల్లలకి రెండుసార్లు చూపించారు గానీ, "సినిమా డైలాగులు దించెయ్యకూడదు, మన మాటలు మనం రాసుకోవాలి" అని గట్టిగా చెప్పారు. మా అమ్మాయి ఎక్కువసార్లు వెనక్కి తిప్పి చూసింది సావిత్రినే. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు నడిచే నడక అది. ఆడపిల్లలా నటించే రాక్షసుడిలా ఒక ఆడపిల్ల నటించాలి. ఆ మెలికే దానికి పట్టుకుంది. "శశిరేఖ వద్దు, మాయాశశిరేఖ వేస్తా" అంది.

వేస్తానంది గానీ డైలాగులు చదవమంటే గొంతు రాదు. మళ్లీ నవ్వుతారని భయం. 'ళ', 'ణ' పలికించడానికి అత్తయ్య వారం రోజులు తంటాలు పడ్డారు. ఒకరోజు నేను నైట్ షిఫ్ట్ చేసి ఇంటికొచ్చేసరికి వంటింట్లో ఇద్దరూ పడీపడీ నవ్వుతున్నారు. సంగతేమిటంటే, ఆ పాత 'కల్లు' కథ అదే నాన్నమ్మకి చెప్పేసింది. అసలు కల్లంటే ఏమిటో దానికి సరిగ్గా తెలియదు. అత్తయ్య తాటిచెట్టు, కుండ, పొద్దున్నే చెట్టెక్కి కల్లు దించడం అన్నీ వివరించారు. విని అది, "రాక్షసుడికి అదే కదా గుర్తొచ్చేది?" అందట. అలా వచ్చింది ఆ డైలాగు. చెలికత్తె "పెళ్లికూతురివి, కాస్త కళ్లు దించుకోమ్మా" అంటుంది. మాయాశశిరేఖ గదలాగా చెయ్యి ఊపి, "కల్లు దించాలా? ఏ చెట్టునుంచి?" అంటుంది.

నాకు నవ్వు రాలేదు. భయమేసింది. "మళ్లీ అదే మాట మీద నవ్వించుకుంటావా?" అన్నాను. "ఈసారి ఐ రోట్ ఇట్, అమ్మా" అంది. ఇంక నేనేం మాట్లాడలేదు.

రిహార్సళ్లు మా హాల్లోనే. సోఫా గోడకి నెట్టేశాం. మా వారు శకుని. పళ్ల డాక్టరుగారు ఒకాయన ఘటోత్కచుడు. మాస్టర్స్ చదువుతున్న ఒక కుర్రాడు లక్ష్మణకుమారుడు, రిహార్సల్‌కి వస్తే అన్నం దొరుకుతుందని ఒక్కరోజు మానలేదు. గద అంటే స్విమ్మింగ్‌కి వాడే పొడుగు స్పాంజి గొట్టం, దాని చివర మావాడి ఫుట్‌బాల్. కిరీటాలన్నీ పార్శిల్ అట్టపెట్టెలే. మావాడికి డైలాగు లేదు, టేబుల్ కింద దాక్కుని దారం లాగి లడ్డూని కదిలించే ఉద్యోగం. వాడు దాన్ని యుద్ధంలాగా తీసుకున్నాడు.

హాలు ఒక స్కూలుది. పొగ మిషన్ వద్దన్నారు. ఫైర్ అలారం మోగితే అందరూ బయటికి పోవాలి. మరి ఘటోత్కచుడు శశిరేఖగా ఎలా మారాలి? అత్తయ్య క్షణం ఆలోచించలేదు. "కూచిపూడి వాళ్లు తెర పట్టరా? పట్టుచీర తెండి" అన్నారు. ఇద్దరు చీర పట్టుకోవాలి, వెనక డాక్టరుగారు వంగాలి, అప్పటికే అక్కడ కూర్చున్న మా అమ్మాయి లేవాలి. అంతే. పైసా ఖర్చు లేదు.

నా సంగతి చెప్పలేదు కదూ. పిన్నీసులు, టిఫిన్లు, రోటా. ఆ శనివారం నాకు లాంగ్ డే పడింది. కేరళ సిస్టర్ ఒకావిడ మార్చుకుంది, బదులుగా క్రిస్మస్ రోజు నేను చేస్తానన్నాను. ఆ బేరం మా ఇంట్లో ఇంకా చెప్పలేదు, ఇది చదివి తెలుసుకుంటారు.

ఆట రోజు 'కల్లు' డైలాగుకి హాలు పేలిపోయింది. ఆనాడు ఆ క్లిప్ తిప్పినావిడ కూడా రెండో వరసలో ఉన్నారు, అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వారు. మా అమ్మాయి ఆవిడని చూసింది. నవ్వు తగ్గేదాకా నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆగింది. ఆ ఆగడం ఎవరూ నేర్పలేదు. శకుని అనుమానంగా చూస్తుంటే వెనక అది మీసం మెలేసినట్టు చేసింది. ఇక్కడి పిల్లలు ప్రతి క్రిస్మస్‌కీ పాంటోమైమ్ చూసి పెరిగినవాళ్లు కదా, ఎవరూ చెప్పకుండానే హాల్లో పిల్లలందరూ "బిహైండ్ యూ! బిహైండ్ యూ!" అని మా వారికి అరవడం మొదలుపెట్టారు. ఆయన అటు తిరిగితే ఇది తల వంచి సిగ్గుపడుతుంది. అత్తయ్యకి ఆ అరుపులు అర్థం కాక, ఏదో అంటుకుందనుకుని నా చెయ్యి పట్టుకున్నారు.

లడ్డూ సంగతి అప్పుడే. మావాడు ఉత్సాహంగా లాగాడు. దారం తెగింది. లడ్డూ టేబుల్ దిగి, స్టేజీ అంచుదాకా దొర్లుకుంటూ వెళ్లి కింద పడింది. వీడియోలో టేబుల్ గుడ్డ కిందనుంచి బయటికొచ్చి నేల తడుముతున్న చెయ్యి వాడిదే. అందరూ ఒక్క క్షణం బిగుసుకుపోయారు. శకుని నోరు తెరిచి మూశాడు. నేను మా అమ్మాయి మొహం చూడలేక అత్తయ్య వైపు తిరిగాను. అందివ్వాల్సింది ఆవిడే, చేతిలో నోటుబుక్కు, ఫోను లైటు.

"ఏయ్ లడ్డూ! ఆగు! నేను నిన్ను ఇంకా తినలేదు, నువ్వెక్కడికి వెళ్తావు?"

ముందు వరసలో ఓ చిన్నపిల్ల దాన్ని తీసుకుని కొరికేసింది.

"అది రాక్షసుడిది... కాదు కాదు, శశిరేఖది!"

నా పక్కన అత్తయ్య గబగబా పేజీలు తిప్పుతున్నారు, వెనక్కి, ముందుకి. "ఈ మాట ఎక్కడుందే? నేను రాయలేదే?" అని. లేదత్తయ్యా, అదే అంటోంది అని చెప్పాను. ఆవిడ ఫోను లైటు ఆర్పేసి, నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకుని మిగతా నాటకం చూశారు. నయం, తర్వాత ఎవరూ డైలాగు మర్చిపోలేదు.

నవంబరు రెండో వారంలో అత్తయ్య వెళ్లిపోయారు. సామాను తూకం వేస్తే రెండు కిలోలు ఎక్కువొచ్చింది. చాక్లెట్లు తీసేసి, అట్ట కిరీటం మాత్రం చేతిసంచిలో పెట్టుకున్నారు. సెక్యూరిటీ వాళ్లు ఏమడుగుతారోనని మా వారి కంగారు. మా అమ్మాయి రోజూ రాత్రి వాయిస్ మెసేజీలు పంపుతోంది, నాన్నమ్మ ఇంకా 'ళ'లు దిద్దుతున్నారు.

నోటుబుక్కు మాత్రం వంటింట్లో పోపుడబ్బా పక్కన వదిలి వెళ్లారు. మర్చిపోయారనుకున్నాను. తిరగేస్తే చివరి పేజీల్లో ఉగాది నాటకం మొదలుపెట్టి ఉంది, పాత్రల పట్టికతో సహా. మావాడికి ఈసారి మూడు డైలాగులున్నాయి. కింద, ఎర్ర సిరాతో, "హిడింబి – కోడలు".

ఆ శనివారం సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకున్నాను.