కారు చప్పుడు చేస్తోందా?

పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తుంటే కారులోంచి ఉన్నట్టుండి చప్పుడు. యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగడం లేదు. కంగారు పడకండి. హజార్డ్ లైట్లు వేసి, ఎడమ పక్కకు తీసి ఆపండి. చప్పుడు ఎప్పుడు, ఎటునుంచి వచ్చిందో గుర్తుంచుకుంటే జబ్బు సగం తెలిసినట్టే.

* ఇంజను రొద పెరిగినా వేగం పెరగక, మాడువాసన కూడా వస్తోందా? క్లచ్ ప్లేటు అరిగి జారుతుండొచ్చు.

* స్టీరింగ్ బాగా తిప్పినప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింటును అనుమానించాలి. దాని రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు కారిపోయి, దుమ్ము చేరి జాయింటు అరుగుతుంది. తొడుగు చిరగ్గానే మార్పించుకుంటే తక్కువ ఖర్చుతో పోతుంది.

* ఢామ్మని చప్పుడై, గేరు వేసినా బండి కదలకపోతే షాఫ్టు విరిగి ఉండొచ్చు. ఇక టోయింగే దిక్కు.

* ఇంజను దడదడలాడుతూ, డాష్‌బోర్డు మీద ఇంజను దీపం మిణుకుమిణుకుమంటుంటే నడపనే వద్దు.

జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కి ఫోన్ చేయొచ్చు.

మెకానిక్ దగ్గర 'ఏదో సౌండొస్తోందండీ' అని ఊరుకోకండి. 'ఎడమకి తిప్పితే టకటకమంటోంది' అని వివరంగా చెప్పండి. గేరుబాక్సు మొత్తం మార్చాలంటే కారణం అడగండి, పాడైన భాగం చూపించమనండి. డబ్బులిచ్చేది మనమే అయినప్పుడు అడగడానికి మొహమాటమెందుకు?