నాపరాళ్ల సందుల్లో గడ్డిచేమంతి

బేతంచెర్ల చుట్టుపక్కల పాలిష్ ఫ్యాక్టరీల వెనక నాపరాతి ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. రాతిపొడితో తెల్లబడ్డ ఆ నేలలో చారెడు మన్ను నిలిచిన చోటల్లా గడ్డిచేమంతి మొలుస్తుంది. జానెడు కాడ, దాని కొసన మీగడరంగు రేకులు, పసుపు బొడ్డు.

ఇది ఈ నేల బిడ్డ కాదు. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. 1753లో లిన్నేయస్ దీనికి ట్రైడాక్స్ ప్రోకంబెన్స్ అని పేరు పెట్టాడు. వయ్యారిభామ అనే కలుపు మొక్క కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే, ఇదే చేమంతి కుటుంబానిదే. వయ్యారిభామ తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కుతుంది. గడ్డిచేమంతి ఆకునైతే మన పిల్లలు అరచేతిలో నలిపి, దోక్కుపోయిన మోకాలి మీద పసరు పిండుకున్నారు. బొగ్గుతో కలిపి నూరి బడిలో నల్లబల్లకు పూశారు. పలకాకు అన్న పేరూ దీనిదే.

రాయలసీమ ఎండకు ఇది తట్టుకునే తీరు చూడాలి. తల్లివేరు రాతి పగుల్లోకి దిగుతుంది. కాండం నేలను పట్టుకుని పాకుతుంది, కణుపుకు మట్టి తగిలితే అక్కడా వేరూనుతుంది. ఆకుల నిండా గరుకు నూగు. మనం ఒక్క పువ్వు అనుకునేది నిజానికి పూల గుంపు: అంచున అయిదారు రేకుపూలు, నడుమ పదుల కొద్దీ గొట్టపు పూలు. ఒక్కో పువ్వుకు ఒక్కో గింజ, గింజ తలన ఈకల కుచ్చు. గాలి వీస్తే చాలు, పక్క ఊరి పొలిమేర చేరుతుంది.

నల్లమల అడవి చిక్కటి నీడలో దీన్ని వెతకనక్కర్లేదు. మనిషి తవ్వి, తొక్కి వదిలేసిన నేలే దీనికి ఇష్టం: రైలుకట్టలు, రోడ్డు అంచులు, కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలో శనగ చేల గెనాలు (గట్లు). అమెరికా ప్రభుత్వం దీన్ని హానికరమైన కలుపు మొక్కల జాబితాలో పెట్టింది. చేను లోపల ఇది కలుపే, తీయాల్సిందే. గెనాల సంగతి వేరు. శనగ కోత అయిపోయాక చేలల్లో పూత ఉండదు. కాస్త చెమ్మ దొరికితే గెనం మీద ఇది పూస్తూనే ఉంటుంది, సీతాకోకచిలుకలకు తేనె ఇస్తుంది. ఇప్పుడు గెనాలకూ గడ్డిమందు కొడుతున్నారు. ఆ కాస్త మేర వదిలేయమని రైతన్నలను బతిమాలుకోవాలనిపిస్తుంది. మరీ అడ్డంగా పెరిగితే కొడవలితో కోస్తే సరిపోతుంది, వేరు బతికుంటే మళ్లీ చిగురిస్తుంది.