మజ్జిగలో చిటికెడు ఉప్పు

వేసవి మధ్యాహ్నం మీ ఇంటికి చుట్టాలెవరో వచ్చారనుకోండి. అమ్మ ఏమి చేస్తుంది? కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళిచ్చి, వాళ్ళు కూర్చోగానే గ్లాసుడు మజ్జిగో, నిమ్మకాయ నీళ్ళో చేతికిస్తుంది. మా నెల్లిమర్లలో పొలం పనికి పోయేవారు ఉప్పు వేసిన చోడి అంబలి తాగి బయలుదేరతారు. శ్రీరామనవమి నాడు పందిళ్ళలో పానకం పోస్తారు. పక్కనే రామతీర్థం ఉంది కనుక మాకు ఆ పండుగ మరీ పెద్దది.

వీటిలో ఒక చిన్న సంగతి గమనించారా? మజ్జిగలో ఉప్పు వేయడం సరే. పంచదార వేసిన నిమ్మకాయ నీళ్ళలో కూడా పెద్దవాళ్ళు చిటికెడు ఉప్పు వేస్తారు. తీపిలో ఉప్పెందుకని మా మామ్మను అడిగితే "రుచికిరా" అనేది. రుచికే, కాని రుచి ఒక్కటే కాదు.

ముందు చెమట సంగతి చూద్దాం. మట్టికుండలో నీరు చల్లబడడానికి కారణం మీకు తెలిసినదే. కుండ రంధ్రాలలోంచి పైకి ఊరిన నీరు ఆవిరవుతూ, అందుకు కావలసిన ఉష్ణాన్ని కుండ నుంచి తీసుకుంటుంది. 1 గ్రాము నీరు అలా ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావాలి. మన చర్మం కూడా అటువంటి కుండే. అయితే సముద్రానికి అట్టే దూరంలో లేని మన ప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ. తేమగాలిలో చెమట తొందరగా ఆవిరి కాదు, ధారగా కారిపోతుంది. కారిపోయిన చెమట ఒంట్లోని నీటిని పట్టుకుపోతుందే గాని ఒంటిని చల్లబరచదు. ఎండలో కష్టపడి పనిచేసే మనిషి గంటకు ఒక లీటరు చెమట పోగొట్టుకోవచ్చు. నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది. ఆటల పీరియడు తరువాత ఆరిన మీ చొక్కా వీపున తెల్లని చారలు కనబడతాయే, అదే ఆ ఉప్పు.

పోయిన ఉప్పును తిరిగి పెట్టాలి, నిజమే. మరి తీపితో కలిపి ఎందుకు?

మనం తాగిన నీటిలో ఎక్కువ భాగం చిన్నప్రేవులోనే రక్తంలోకి చేరుతుంది. ప్రేవు గోడలోని కణాలకు ఒక విచిత్రమైన ద్వారం ఉంది. దానిగుండా గ్లూకోజు ఒంటరిగా పోలేదు, ఉప్పులోని సోడియం తోడు రావాలి. రెండు సోడియం అయాన్లు వస్తే ఒక గ్లూకోజు అణువు లోపలికి పోతుంది. ఆ రెండూ పోయిన వైపుకు నీరు కూడా వాటి వెంట పోతుంది. ఈ జంట ప్రయాణాన్ని రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త 1960లో ప్రేగ్ నగరంలో జరిగిన ఒక సదస్సులో ప్రతిపాదించాడు. పంచదార, బెల్లం ప్రేవులో విడిపోయి గ్లూకోజునిస్తాయి. అంబలిలోని, గంజిలోని పిండిపదార్థం కూడా జీర్ణమై చివరకు గ్లూకోజే అవుతుంది. మజ్జిగలోని లాక్టోజూ అంతే. కనుక ఉప్పు వేసిన గంజి ఉత్త దాహం తీర్చేది మాత్రమే కాదు.

ఈ సంగతి ఎన్ని ప్రాణాలు కాపాడిందో 1971లో లోకానికి తెలిసింది. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమబెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. నరానికి ఎక్కించే సెలైన్ సరిపోలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొడిని నీళ్ళలో కలిపించి రోగులచేత తాగించాడు. నూటికి 30 మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నూటికి 4 లోపునకు తగ్గాయి. నేడు ఆశా కార్యకర్తలు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఆ పొడికి వారసురాలే.

అయితే తీపి ఎంత ఎక్కువైతే అంత మంచిదా? ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. మా రెండోవాడికి మూడేళ్ళప్పుడు, సరిగ్గా శ్రీరామనవమి మర్నాడు విరేచనాలు పట్టుకున్నాయి. నీరసించాడు, బలం రావాలని చిక్కటి పానకం కలిపి పట్టించాను. సాయంత్రానికి విరేచనాలు పెరిగాయి, కళ్ళు లోతుకు పోయాయి. మా వీధిలోని నర్సమ్మగారు వచ్చి గిన్నెలో వేలు ముంచి రుచి చూసి, "ఇంత తీపా మాష్టారూ! దీన్ని పారబోయండి" అన్నారు. ఆవిడ తెచ్చిన ఓ.ఆర్.ఎస్. చెంచాతో కొద్దికొద్దిగా పట్టించాక రాత్రికి వాడు తేరుకున్నాడు. ఆ నెలలోనే నేను తొమ్మిదో తరగతికి ద్రవాభిసరణం పాఠం చెప్పి ఉన్నాను!

మీరు ఈ ప్రయోగం చేసి చూడండి. బంగాళాదుంపను పలుచని ముక్కలుగా కోసి, కొన్నిటిని మంచినీళ్ళలో, కొన్నిటిని చిక్కని బెల్లం నీళ్ళలో రెండు గంటలు ఉంచండి. మొదటివి గట్టిపడి పెళుసుగా విరుగుతాయి. రెండోవి గుడ్డపేలికలా వేలాడతాయి. చిక్కని ద్రావణం దుంప కణాలలోని నీటిని బయటికి లాగేసింది. చిక్కని పానకం ప్రేవులో చేసిన పని కూడా ఇదే. సీసాలలో అమ్మే తీపి పానీయాలలో చాలావాటికి లీటరుకు 100 గ్రాముల దాకా పంచదార ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న అతిథి ఒక గ్లాసు తాగితే ఏమీ కాదు. విరేచనాలున్న పిల్లవాడికి మాత్రం అవి పనికిరావు.

ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే దానిమీద రాసిన కొలత నీటిలోనే కలపాలి. అది అందేలోగా ఇంట్లో కలుపుకోవాలంటే, కాచి చల్లార్చిన 1 లీటరు నీటికి తలకొట్టిన 6 టీ చెంచాల పంచదార, తలకొట్టిన అర టీ చెంచా ఉప్పు. కన్నీటికంటె ఉప్పగా ఉండకూడదు. పిల్లవాడు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా ఇంటివైద్యంతో ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. రక్తపోటు ఉన్న తాతగారికి మజ్జిగ ఇచ్చేటప్పుడు ఉప్పు సంగతి ఆయన వైద్యుణ్ణే అడగండి.

మజ్జిగలో వేసే అల్లం, కరివేపాకు నీటిని లోపలికి తీసుకుపోయే పనిలో పాలుపంచుకోవు. కాని వాటి కమ్మదనానికి అతిథి రెండో గ్లాసు కూడా తాగుతాడు, అదీ లాభమే. పానకం మిగిలితే మాత్రం మర్నాటికి దాచకండి. గాలిలోంచి, గిన్నెలోంచి చేరిన ఈస్టు వేసవి వేడికి త్వరగా పెరిగి, బెల్లాన్ని ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మార్చడం మొదలుపెడుతుంది. పొద్దున్న మూత తీసేసరికి పైన నురగ, కల్లు వాసన ఉంటే అది ఆ ఈస్టు పనే.