పండుగనాటి ఆకలి

బతుకమ్మ తొమ్మిది దినాల పండుగ. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో ఆరంభమై సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు – ఇట్లు ఒక్కొక్కనాటికి ఒక్కొక్క నైవేద్యం. ఆరవనాటికి మాత్రం నైవేద్యం లేదు. అది అలిగిన బతుకమ్మ. ఆనాడు బతుకమ్మను పేర్చరు. అలిగిన తల్లిని తీపి పెట్టి ఊరడింపజూడరు. ఒక్కనాడు ఊరుకొని, ఏడవనాడు మరల పూలు తెస్తారు. ఈ ఆచారంలో మనకు పనికివచ్చే సంగతి ఒకటి ఉన్నదని మాకు తోస్తున్నది.

బాన్సువాడ దాపున ఉన్న నస్రుల్లాబాదు 2016లో మండల కేంద్రమైనది. ఆ ప్రాంతం నుండి బతుకుతెరువుకై గల్ఫు దేశాలకు వెళ్ళినవారు అనేకులు. అక్కడి ఒక ఇల్లాలిని ఊహించుకొందాము. సద్దుల బతుకమ్మనాటి రాత్రి. బతుకమ్మను నీటిలో విడిచి ఇల్లు చేరినది. కడుపునిండా సద్ది తిన్నది. దుబాయిలో ఉన్న కుమారుని ఫోను రాలేదు. మన గడియారంకంటె అక్కడి గడియారం గంటన్నర వెనుక. ఇంకను పని ముగియలేదేమో! ఇంతలో చేయి మలీద గిన్నె మీదికి పోయినది. ఒక ముద్ద, మరొకటి, ఇంకొకటి. గిన్నె అడుగు కనిపించిన తరువాత ఆమె తన్ను తానే నిందించుకొన్నది.

అది తిండియావ కాదు. కడుపు ఆకలి మెల్లగా పెరుగుతుంది, జొన్నరొట్టె, పప్పు పెట్టినా తీరుతుంది, నిండగానే చాలునంటుంది. మనసు ఆకలి ఒక్కసారిగా పుడుతుంది. ఫలానా తీపియే కావలెనంటుంది. కడుపు నిండినా ఆగదు. చివరకు సిగ్గును మిగులుస్తుంది.

దీనికి శారీరక కారణం కూడా ఉన్నది. విచారం చాలాకాలం వెన్నాడినప్పుడు శరీరంలో కార్టిసాల్ అనే హార్మోను హెచ్చుతుంది. విచారంలో కొందరికి ఆకలి చచ్చిపోతుంది. మరి అనేకులకు తీపి మీద, నూనెవంటల మీద కోరిక పెరుగుతుంది. తీపి తిన్నప్పుడు కలిగే ఊరట నిజమైనదే, కాని క్షణికమైనది. ఫోను రాని లోటు మలీదతో తీరదు.

పగలంతా పస్తుండి రాత్రికి సరిపెట్టుకొందామనుకోవడం మరొక పొరపాటు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 1944–45 సంవత్సరాలలో 36 మంది యువకులకు వారి సమ్మతిపై 24 వారాలు అరకొర భోజనం పెట్టి పరీక్షించాడు. ఆ దినాలలో వారికి తిండి తప్ప వేరొక తలపు లేకపోయినది. పిదప కోరినంత తినవచ్చునన్నప్పుడు కొందరు ఎంత తిన్నా తృప్తి పొందలేకపోయినారు. కావున వ్రతనియమం లేనివారు పండుగ పూట కూడా వేళకు భోజనం చేయడమే మంచిది. నిన్న ఎక్కువ తిన్నామని నేడు పస్తుండడమూ తగదు. అది రేపటి అతిభోజనానికి దారితీస్తుంది. మధుమేహానికి మందులు వాడేవారైతే ఉపవాసానికి పూర్వమే వైద్యుని అడుగవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచన ప్రకారం ఆహారంలో కలిపే చక్కెరలు దినమునకు సుమారు 25 గ్రాములు, అనగా ఆరు చెంచాలు, మించకుండుట మేలు. బెల్లమైనా ఈ లెక్కలోనిదే. మన దేశంలో పదికోట్లకు పైగా మధుమేహులున్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో వెల్లడించినది. అయినను పండుగనాడు గర్జెలు, అరిసెలు తినవద్దని మేము చెప్పబోము. డబ్బాలోనుండి నేరుగా తినక, కావలసినంత పళ్ళెంలో పెట్టుకొని, మూత బిగించి, కూర్చుండి రుచి తెలియునట్లు తినుడు.

మరల చేయి డబ్బా మీదికి పోయినప్పుడు, “ఇప్పుడు జొన్నరొట్టె పెడితే తింటానా?” అని ప్రశ్నించుకొనుడు. తింటాననిపిస్తే అది ఆకలి, భోజనం చేయుడు. లేకుంటే మనసులోని మాట ఏదో దానినే పైకి అనుడు: “కొడుకు మీద బెంగగా ఉన్నది.” పదినిమిషాలు వాకిట కూర్చుండుడు, పొరుగింటికి పోయి మాట్లాడుడు. అప్పటికీ తినవలెననిపిస్తే ఒకటి తినవచ్చును, నేరమేమీ లేదు. అలిగిన బతుకమ్మనాడు మన పెద్దలు చేసినది ఇదే: బాధకు దాని దినాన్ని దానికి ఇచ్చినారు. ఎవరూ చూడకుండ, ఆపుకొనలేనంతగా తినడం తరచుగా జరుగుతున్నట్లయితే అది చికిత్స ఉన్న వ్యాధి కావచ్చును. వైద్యుని సంప్రదించుడు, ప్రభుత్వపు టెలిమానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

ఇక అతిథులకు వడ్డించేవారికి ఒక మనవి. “నా మీద ఒట్టు, ఇంకొక్కటి” అని విస్తరిలో వేయడం మన ఆప్యాయత. అయితే ఎదుట కూర్చున్న తల్లికి ఆ ఇంకొక్కటి అవసరం లేకపోవచ్చును. గిన్నె పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చుండుడు. “కొడుకు ఫోన్ జేసిండా అక్కా?” అని అడుగుడు.