వరద వేళ తాగునీరు: గోదావరి డెల్టాలో ముందస్తు నిల్వ, శుద్ధి విధానాలు

గోదావరి డెల్టాలో చుట్టూ నీరు నిండి ఉన్న రోజుల్లోనే తాగునీరు అత్యంత దుర్లభమవుతుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న లంక గ్రామాలకు కాజ్‌వేలు, తాత్కాలిక గట్లే దారులు. అవి మునిగితే పి.గన్నవరం మండలంలోని బూరుగులంక, ఊడిమూడిలంక, యలమంచిలి మండలంలోని కనకాయలంక వంటి గ్రామాలకు పడవే ఆధారం. విద్యుత్తు నిలిచిపోతే మోటార్లు ఆగి ఓవర్‌హెడ్ ట్యాంకులు నిండవు. బావులు, చేతిపంపులు ఎర్రనీటిలో మునుగుతాయి. పడవ మీద వచ్చే నీటి ప్యాకెట్లు అందేలోగా గడిచే ఆ కొద్ది రోజుల్లో కుటుంబం ఏ నీరు తాగుతుందన్నదే తరువాతి వారాల్లో అతిసారం, టైఫాయిడ్, కామెర్ల వ్యాప్తిని నిర్ణయిస్తుంది.

హెచ్చరికకు, ముంపుకు మధ్య వ్యవధి

గోదావరి వరద చెప్పకుండా రాదు. భద్రాచలం వద్ద 43, 48, 53 అడుగులు, ధవళేశ్వరం వద్ద 11.75, 13.75, 17.75 అడుగులు వరుసగా మొదటి, రెండవ, మూడవ ప్రమాద హెచ్చరికలకు ప్రమాణాలు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో అది 71.3 అడుగులను తాకగా, ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎగువన పెరిగిన నీరు డెల్టాకు చేరేలోగా లభించే వ్యవధిలో రైతులు పశువులను ఏటిగట్టుకు తోలుతారు, ధాన్యాన్ని మెరక మీదికి చేరుస్తారు. తాగునీటిని నిల్వ చేయవలసిన సమయం కూడా అదే. కుళాయిలో శుభ్రమైన నీరు వస్తున్నప్పుడే పట్టి ఉంచుకోవడం, మురికి నీటిని తరువాత శుద్ధి చేసుకోవడం కంటే సులభం, సురక్షితం.

ఈ ఆలోచన డెల్టా వాసులకు కొత్తది కాదు. ఏటా వేసవిలో కాలువలు కట్టివేసే ముందు గ్రామాల మంచినీటి చెరువులను నింపుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఊరు చెరువు విషయంలో పాటించే ఈ ముందుచూపునే వరదకాలంలో ప్రతి ఇంటికీ అలవాటు చేయవలసి ఉంది.

ఎంత నీరు, ఏ పాత్రలో

తాగడానికి, ఆహారానికి మనిషికి రోజుకు కనీసం 3 లీటర్లు అవసరం. ఐదుగురున్న కుటుంబానికి ఐదు రోజులకు 75 లీటర్లు కావాలి. అంటే 20 లీటర్ల డబ్బాలు నాలుగు సరిపోతాయి. చేతులు కడుక్కోవడం, పాత్రల శుభ్రత కూడా కలిపితే అత్యవసర కాలంలో సైతం మనిషికి రోజుకు 7.5 నుంచి 15 లీటర్లు అవసరమని అంతర్జాతీయ సహాయ ప్రమాణాలు సూచిస్తున్నాయి.

నీటిని ఇరుకు మూతి ఉండి, బిగుతైన మూతతో, వీలైతే కుళాయితో ఉన్న ఆహార యోగ్యమైన ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంచడం ఉత్తమం. లోహపు బిందెల్లో, మట్టికుండల్లో క్లోరిన్ త్వరగా తగ్గిపోతుంది. వెడల్పు మూతి పాత్రలో చెయ్యి ముంచితే శుద్ధి చేసిన నీరు కూడా తిరిగి కలుషితమవుతుంది. కనుక పిడి ఉన్న గరిటె తప్పనిసరి. పురుగుమందుల ఖాళీ డబ్బాలను, డ్రమ్ములను ఎన్నిసార్లు కడిగినా తాగునీటికి గాని, పశువుల నీటికి గాని వాడరాదు. ప్లాస్టిక్‌లోకి ఇంకిన మందు కడిగినంత మాత్రాన పోదు.

ముందు తేర్చాలి, ఆపై క్లోరిన్

నిల్వ అయిపోయి బయటి నీటినే వాడవలసి వచ్చినప్పుడు క్రమం ముఖ్యం. వరద నీటిలోని ఒండ్రు క్లోరిన్‌ను హరిస్తుంది, సూక్ష్మజీవులకు కవచమవుతుంది. అందువల్ల బురద నీటిలో నేరుగా బ్లీచింగ్ పౌడరు కలపడం వలన ప్రయోజనం స్వల్పం.

మొదట నీటిని కదలకుండా ఉంచి, పైతేటను మడతలు వేసిన శుభ్రమైన నూలు గుడ్డతో వడకట్టాలి. బంగ్లాదేశ్ గ్రామాల్లో పాత చీరను మడిచి వడకట్టడం వల్ల కలరా కేసులు దాదాపు సగానికి తగ్గినట్లు 2003లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. నీరు ఇంకా మడ్డిగా ఉంటే 20 లీటర్లకు సుమారు ఒక గ్రాము పటికను కరిగించి, కొద్దిసేపు నెమ్మదిగా కలియబెట్టి, మడ్డి అడుగుకు చేరేవరకు కదపకుండా ఉంచాలి. చిల్లగింజను కుండ లోపలి అంచుకు అరగదీయడం పెద్దలెరిగిన పద్ధతి. మునగ గింజల పొడి కూడా ఇదే పని చేస్తుంది. గింజలతో తేర్చిన నీటిలో సేంద్రియ పదార్థం మిగులుతుంది కనుక దానిని ఆ రోజే వాడుకోవాలి. తేటగా కనిపించే నీరు సురక్షితమైన నీరు కాదన్న విషయాన్ని ప్రదర్శనలలో ప్రత్యేకంగా వివరించాలి. పటిక, చిల్లగింజ మడ్డిని దించుతాయే గాని, సూక్ష్మజీవులన్నిటినీ చంపవు.

సూక్ష్మజీవుల నిర్మూలనకు 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడరు 30 గ్రాములను ఒక లీటరు నీటిలో కలిపి, సున్నం పేరుకున్న తరువాత పైతేటను వేరు చేయాలి. ఇది దాదాపు ఒక శాతం క్లోరిన్ ద్రావణం. 20 లీటర్ల తేట నీటికి దీనిని 4 మి.లీ. కలిపితే లీటరుకు 2 మి.గ్రా. క్లోరిన్ అందుతుంది. కొంత మడ్డి మిగిలితే మోతాదును రెట్టింపు చేయాలి. కలిపిన తరువాత కనీసం 30 నిమిషాలు ఆగాలి. అప్పుడు క్లోరోస్కోప్‌తో పరీక్షిస్తే లీటరుకు 0.2 నుంచి 0.5 మి.గ్రా. శేష క్లోరిన్ కనిపించాలి. క్లోరిన్ మాత్రలు లభిస్తే ప్యాకెట్టుపై సూచించిన మోతాదును పాటించాలి.

బ్లీచింగ్ పౌడరు తేమకు, వేడికి సత్తువ కోల్పోతుంది. నిరుటి సంచిని నమ్ముకోరాదు. దానిని యూరియా, ఇతర ఎరువులు, పురుగుమందులతో కలిపి ఒకే కొట్టులో ఉంచడం ప్రమాదకరం. అమ్మోనియా, యూరియాలతో క్లోరిన్ చర్య జరిపి విషవాయువులను, పేలుడు పదార్థాలను ఏర్పరచగలదు.

వరద వేరు, తుపాను వేరు

గోదావరి వరదకు మూలం తరచుగా ఎగువ రాష్ట్రాల వర్షం. డెల్టాలో ఎండ కాస్తూనే లంకలు మునుగుతుంటాయి. అటువంటప్పుడు వాననీరు దొరకదు, కాని ఎండ ఉపకరిస్తుంది. తేర్చిన నీటిని రెండు లీటర్ల లోపు పారదర్శక సీసాల్లో నింపి నిండు ఎండలో 6 గంటలు, మబ్బు పడితే వరుసగా రెండు రోజులు ఉంచితే సూక్ష్మజీవులు నశిస్తాయి. వంటచెరకు తడిసిపోయి కాచడం సాధ్యం కాని చోట ఈ పద్ధతి విలువైనది. ఇంధనం ఉంటే నీటిని తెర్లుతూ కనీసం ఒక నిమిషం మరిగించి, అదే పాత్రలో మూతపెట్టి చల్లార్చాలి.

1996 నవంబరు 6న కోనసీమను అతలాకుతలం చేసిన తుపాను వంటి విపత్తుల్లో పరిస్థితి భిన్నం. అప్పుడు ఎండ ఉండదు, వాన సమృద్ధిగా ఉంటుంది. తొలి జల్లులను వదిలి, శుభ్రమైన పైకప్పు నుంచి నీటిని పట్టి క్లోరిన్ కలిపి వాడవచ్చు. తీరంలో ఉప్పెన నీరు చేరిన బావి ఉప్పదనాన్ని గాని, పొలాలు, చెరువుల నుంచి కొట్టుకొచ్చిన రసాయనాలను గాని మరిగించడం, క్లోరిన్, ఎండ ఏవీ తొలగించలేవు. ఆ నీటిని తాగడానికి పూర్తిగా విడిచిపెట్టడమే మార్గం.

వరద తీసిన తరువాత

మునిగిన బావిని తోడి, ఒండ్రు తీసి, నీరు ఊరిన తరువాత క్లోరినేషన్ చేయాలి. బావి వ్యాసం వర్గాన్ని నీటి లోతుతో, 3.14తో గుణించి 4తో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. 1.5 మీటర్ల వ్యాసం, 2 మీటర్ల నీటి లోతు ఉన్న బావిలో సుమారు 3,500 లీటర్లు ఉంటాయి. సాధారణ స్థితిలో 1,000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున దాదాపు 9 గ్రాముల బ్లీచింగ్ పౌడరు అవసరం. వరద అనంతరం కనీసం రెట్టింపు వేసి, శేష క్లోరిన్ పరీక్షించిన మీదటే వాడుకకు ఇవ్వాలి.

పశువులను ఈ లెక్కలో మరువరాదు. పాడి గేదెకు రోజుకు 50 లీటర్లకు పైగా నీరు కావాలి. ఇంటి డబ్బాలతో అది తీరదు కనుక ఏటిగట్టు మీది పశువుల విడిదికి ప్రత్యేక ట్యాంకును గ్రామ ప్రణాళికలోనే గుర్తించాలి.

వరద ముప్పున్న మండలాల్లో పంటల ఆపత్కాల ప్రణాళికతో పాటు తాగునీటి ప్రణాళికనూ చేర్చడం విస్తరణ శాస్త్రవేత్తల చేతిలోని పని. జూలై, ఆగస్టు వరదలకు ముందు, ఖరీఫ్ శిక్షణలు జరిగే మే, జూన్ నెలలే ఇందుకు తగిన కాలం. నారుమడి యాజమాన్యం వివరించే సమావేశంలోనే ఒక బకెట్టు కాలువ నీరు, చిటికెడు పటిక, క్లోరిన్ ద్రావణం, క్లోరోస్కోప్ తెచ్చి రైతు మహిళల చేత స్వయంగా చేయించాలి. మొదటి హెచ్చరిక వెలువడగానే డబ్బాలు నింపాలన్న నియమం ప్రతి లంక ఇంటికీ చేరాలి.